లాంగోలెన్ కాలువలో లాకులెక్కుతూ

విశాఖపట్నం ఓడరేవు మెరైన్ విభాగంలో ఉద్యోగం చేసి విరమించిన నాకు జలమార్గమంటే డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కనుంచి లోపలి రేవుకు వచ్చే ఇరుకైన ప్రవేశమార్గమే. రేవులో దారి చూపే పైలట్ ఎక్కనిదే, లాగే టగ్గు పడవలు రానిదే అక్కడ పెద్ద ఓడ ఏదీ కదలదు. అందుకే మాంచెస్టర్‌లో ఉంటున్న మా అమ్మాయి, అల్లుడు ఒక పడవ అద్దెకు తీసుకుని లాంగోలెన్ కాలువ దారిన వేల్స్‌లోని లాంగోలెన్ పట్టణం దాకా వెళదామన్నప్పుడు, సరంగు ఎవరని నేను మొదట అడిగాను. సరంగు ఉండడట. సెలవుల కోసం అద్దెకు తీసుకునే పడవను నడపడానికి లైసెన్సు కూడా అక్కరలేదు; బయలుదేరే ముందు పడవలవారు కాసేపు చూపించేదే శిక్షణ.

నాంట్‌విచ్ పట్టణం దగ్గర మేము ఎక్కిన నారోబోటు పొడవు 57 అడుగులు, వెడల్పు ఏడడుగుల లోపు. ఆ కాలువ లాకులు, అంటే పడవను ఒక నీటిమట్టం నుంచి మరొకదానికి ఎక్కించి దించే తలుపుల గదులు, సుమారు ఏడడుగుల వెడల్పుతో కట్టినవి కావడంతో, వంటగది, పడకలు, స్నానాలగది అన్నీ ఆ సన్నని పొడవులోనే ఒకదాని వెనుక ఒకటి అమర్చారు. నడిపేవాడు వెనుక భాగంలో ఎండకూ వానకూ నిలబడి చుక్కాని పిడి పట్టుకోవాలి. పిడిని ఎడమకు నెడితే పడవ కుడికి తిరుగుతుంది. ఆ దేశపు రోడ్లమీద ఎడమవైపు వెళ్ళే జనమే కాలువలో ఎదురుపడితే కుడివైపుకు తప్పుకుంటారు. రేవులో ఓడల కదలికలు చూసిన నాకు అది సహజంగానే తోచింది కానీ, రోజూ కారు నడిపే మా అల్లుడు మాత్రం ఎదురు పడవ కనబడగానే ఎడమకే మొగ్గేవాడు. వేగపరిమితి గంటకు 4 మైళ్ళు. గట్టుకు కట్టిన పడవల పక్కన ఇంకా నెమ్మదించాలి, లేకపోతే మన అలకు వాటి గూటాలు ఊడిపోతాయి.

హర్ల్‌స్టన్ దగ్గర ప్రధాన కాలువనుంచి పక్కకు తిరగగానే వరుసగా నాలుగు లాకులు ఎదురయ్యాయి. లాంగోలెన్ చేరేసరికి అలాంటివి మొత్తం 21 ఎక్కాలి. కోనసీమలో పెరిగిన నా భార్యకు లాకులు కొత్త కాదు. 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేసిన కాటన్ దొర కాలువలమీద ధాన్యం పడవలు వాటిలోంచే ఎక్కిదిగాయి. అయితే మన దగ్గర ఆ పని లాకు సిబ్బందిది, ఇక్కడ పడవ వాళ్ళది. పడవ లోపలికి రాగానే దిగువ తలుపులు మూసి, విండ్‌లాస్ అనే ఇనుప పిడితో ఎగువ తూములు కొద్దికొద్దిగా ఎత్తాలి. నీరు రెండువైపులా సమమయ్యేదాకా తలుపు ఏ బలానికీ కదలదు, సమమైన మరుక్షణం నడుము ఆనించి నెడితే తెరుచుకుంటుంది. ఈ పనిలో నా భార్యకు అబ్బిన నేర్పు మాలో ఎవరికీ రాలేదు.

రద్దీ అంటే ఏమిటో గ్రిండ్లీ బ్రుక్‌లో తెలిసింది. అక్కడున్న ఆరు లాకుల్లో పైమూడూ మెట్లలాగా ఒకదానికొకటి అంటుకుని ఉంటాయి. ఒకదాని ఎగువ తలుపే మరొకదానికి దిగువ తలుపు. పైకి వెళ్ళే పడవకు అడుగు లాకు ఖాళీగానూ పై రెండూ నిండుగానూ ఉండాలి, కిందికి దిగే పడవకు పైది మాత్రమే నిండుగా ఉండాలి. వరస తప్పితే నీళ్ళు గట్టు దాటి పొర్లుతాయి, లేదా పడవ నేలకు తగులుతుంది. ఆగస్టు కావడంతో గట్టు పొడవునా పడవలు బారులు తీరాయి, లాకు కాపరి ఇటు కొన్ని, అటు కొన్ని చొప్పున వంతులు వేస్తున్నాడు. ఒక్కో లాకు నిండడానికి లక్ష లీటర్లకు పైగా నీరు కావాలి కనుక, ఎక్కిన పడవ విడిచివెళ్ళిన నిండు లాకులోకి దిగే పడవ వెంటనే వస్తే ఆ నీరు రెండు పనులకు అక్కరకొస్తుంది. ఇంకా తమ వంతు రానివాళ్ళు కూడా ముందుకు నడిచివచ్చి అపరిచితుల పడవలకు తలుపులు తెరుస్తున్నారు. మా రేవులో లంగరు వేసిన ఓడలు బెర్తు కోసం ఎదురుచూసే ఓపిక వేరు, పని పంచుకునే ఈ ఓపిక వేరు.

ఎల్స్‌మియర్ చెరువులు, చిర్క్ సొరంగం దాటాక పాంట్‌కసల్తే వచ్చింది. ఇంజనీర్లు టెల్ఫర్డ్, జెస్సప్ 1805లో పూర్తిచేసిన ఈ నీటివంతెన డీ నదికి 38 మీటర్ల ఎత్తున, 307 మీటర్ల పొడవున పోతపోసిన ఇనుప తొట్టిలో కాలువను మోస్తుంది. నడకదారి వైపు కటకటాలున్నాయి, రెండోవైపు ఏమీ లేదు. ఆ వైపు చూస్తే తొట్టి అంచు, దాని తరువాత గాలి. ఒకేసారి రెండు పడవలు పట్టవు కనుక ఎదురుగా వచ్చేవాళ్ళు దాటేదాకా ఆగి బయలుదేరాము. 2009లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

వంతెన అవతలి ట్రెవర్ ఊరు తరువాత కాలువ మరీ ఇరుకు. ఒకరు ముందుగా నడిచి ఎదురు పడవలు లేవని సైగచేస్తేనే కదలాలి, పైగా ఎదురుప్రవాహం. హార్స్‌షూ ఫాల్స్ అనే ఆనకట్ట దగ్గర డీ నది నీరు కాలువలోకి మళ్ళి, హర్ల్‌స్టన్ జలాశయం చేరి అక్కడి ఊళ్ళకు తాగునీరవుతుంది. 1944లో చట్టం ద్వారా పడవల రాకపోకలకు ఈ కాలువను వదిలేసినా, పూడిపోకుండా కాపాడింది ఆ తాగునీరే. విహారపడవలు తరువాత వచ్చాయి. విశాఖ నగరానికీ ఉక్కు కర్మాగారానికీ ఏలేరు నీటిని తెచ్చే కాలువ మాకూ ఉంది కానీ అందులో పడవ ఊసే లేదు. కాకినాడనుంచి పుదుచ్చేరి దాకా కాలువలను 2008లో నాలుగో జాతీయ జలమార్గంగా ప్రకటించారు. వాటిలో కొన్ని లాకులనైనా ఇలా జనం చేతికిచ్చి చూస్తే బాగుండునని నాకు గట్టిగా అనిపించింది.

తిరుగు ప్రయాణంలో దిగేటప్పుడు అసలు ప్రమాదం ఎగువ తలుపు కింద ఉండే రాతి గడప. నీరు తగ్గుతుంటే పడవ వెనుకభాగం దానిమీద చిక్కుకుని ముందుభాగం కిందికి వంగి మునిగే అవకాశం ఉంది కనుక, గోడమీద గడప హద్దు చూపే తెల్లగీతను పడవ వెనుకభాగం కూడా దాటేలా ముందుకు తెచ్చి నిలపాలి. పిల్లల దగ్గరకు వెళ్ళే విశాఖవాళ్ళు ఈ దారి పట్టదలిస్తే బడి సెలవులుండే ఆగస్టును వదిలి సెప్టెంబరులో వెళ్ళడం మేలు. చలికాలంలో మరమ్మతుల కోసం లాకులు మూసేస్తుంటారు కనుక అప్పటిదాకా మాత్రం ఆగవద్దు.