అరడుగు వెనక్కి

మూడోసారీ అంపైర్ నో-బాల్ అంటూ చేయి అడ్డంగా చాచినప్పుడు వంగి చూసుకుంటే, నా ఎడమ బూటు మడమకు క్రీజు గీత సున్నం అంటుకొని ఉంది.

అనంతపురం ఎండకు రాయిలా బిగుసుకున్న ఈ నేల మీద, ఉదయం 17 అంగలు కొలిచి గీసుకున్న గుర్తు నుంచే పరుగెత్తాను; అంతకుముందు బంతికి ఫోరు పోయిందన్న కోపమే అంగను సాగదీసింది.

సీమ్‌ను, అంటే బంతి మీది కుట్టును, నిటారుగా, వేళ్లతో తేలికగా పట్టుకొని మణికట్టును దాని వెనకే నిలిపితే కొత్త బంతి గాల్లో వంపు తిరిగి స్వింగవుతుంది. కోపంలో ఉన్నవాడు దాన్ని పిసికి పట్టుకోవడంతో మణికట్టు బిగుసుకొని, స్వింగుతో పాటు వేగమూ పోతుంది. 22 గజాల అవతల నిలబడిన బ్యాటరు (నవ్వుతూనే ఉన్నాడు) జట్టుకు మాత్రం అదనపు పరుగులు దక్కాయి.

గుర్తును అరడుగు వెనక్కి జరిపి, ఆఫ్‌స్టంప్ పక్కగా గుడ్ లెంగ్త్‌లో వేశాను. వికెట్ పడలేదు గాని, అతడు బ్యాటు పైకెత్తి ఆ బంతిని వదిలేశాడు.