టికెట్ ఎవరిస్తారమ్మా?

2020 మార్చి 1, ఆదివారం, తెల్లవారుజామున ఐదున్నర. పెరంబూర్‌లో మా ఇంట్లో ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఉన్నాను. అమెరికాలో అప్పటికింకా శనివారం సాయంత్రం ఏడు, సౌత్ కరోలినాలో డెమోక్రాట్ల ప్రైమరీకి, అంటే ప్రెసిడెంట్ టికెట్ కోసం రాష్ట్రాలవారీగా జరిగే పోటీకి, పోలింగ్ ముగిసే టైం. ముగిసీ ముగియగానే బైడెన్ గెలిచాడని చెప్పేశారు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆయనంటే ప్రత్యేకమైన అభిమానమేమీ లేదు నాకు. కానీ 1988 ఎన్నికలప్పుడు ఒకసారి, 2008లో ఒకసారి టికెట్ కోసం దిగి ఒక్క రాష్ట్రం కూడా గెలవకుండానే వెనక్కి వెళ్లిపోయి, ఈసారి కూడా అయోవాలో నాలుగో స్థానం, న్యూ హాంప్‌షైర్‌లో ఐదో స్థానం తెచ్చుకుని, ఇక ఇంటికి పోవచ్చని అందరితో అనిపించుకున్న మనిషి, 77 ఏళ్ల వయసులో జీవితంలో మొదటి ప్రైమరీ గెలిచాడు. అది చూస్తే ఎవరికైనా మనసు కదులుతుంది.

ఆ వారం నాన్న సూళ్లూరుపేట నుంచి వచ్చి మా దగ్గరే ఉన్నారు. లేచి హాల్లోకి వచ్చి "ఏందమ్మా, ఇంత పొద్దున్నే ఏం చూస్తా ఉండావు?" అన్నారు. చెప్పాను. ఇది ప్రెసిడెంట్ ఎలక్షనా అంటే, కాదు నాన్నా, పార్టీ టికెట్ కోసం జరిగే పోటీ అన్నాను.

"మరి టికెట్ ఎవరిస్తారమ్మా?"

"ఓటర్లే నాన్నా."

ఆయన ఇంకేం అడగలేదు. కాఫీ గ్లాసు పట్టుకుని నా పక్కనే కూర్చున్నారు.

ఆ మౌనం ఎందుకో నాకు తెలుసు. నాన్న ఒక పార్టీకి ఇరవై రెండేళ్లు పనిచేశారు. జెండాలు కట్టారు, బూత్ ఏజెంటుగా కూర్చున్నారు, ఊళ్లో ఎవరికి ఆరోగ్యం బాగాలేకపోయినా మద్రాసు ఆసుపత్రులకు తీసుకొచ్చి చూపించారు. ఒక్కసారి జడ్పీటీసీ టికెట్ అడిగారు. ఇస్తామన్నారు, నామినేషన్ కూడా వేశారు. చివరికి బి-ఫారం మాత్రం పది రోజుల ముందు పార్టీలో చేరిన ఒక కాంట్రాక్టర్‌కు వెళ్లింది. పైనుంచి ఫోన్ వచ్చిందట, అంతే. నాన్న నామినేషన్ వెనక్కి తీసుకుని, మర్నాడు ఆ కాంట్రాక్టర్ తరఫునే ప్రచారానికి వెళ్లారు. నేనప్పుడు ఇంటర్ చదువుతున్నాను. అమెరికా ప్రైమరీల మీద నా పిచ్చి ఎక్కడ మొదలైందంటే అక్కడే.

నిజానికి అక్కడ కూడా ఒకప్పుడు ఇదే కథ. 1968లో అప్పటి వైస్ ప్రెసిడెంట్ హ్యూబర్ట్ హంఫ్రీ ఒక్క ప్రైమరీలో కూడా పోటీ చేయకుండానే షికాగో మహాసభలో డెమోక్రాట్ల టికెట్ తెచ్చుకున్నాడు. బయట వీధుల్లో వియత్నాం యుద్ధం వద్దన్న కుర్రాళ్లను పోలీసులు కొడుతున్నారు. అదే ఏడాది మార్చిలో యూజీన్ మెకార్తీ అనే సెనేటర్ న్యూ హాంప్‌షైర్‌లో సాక్షాత్తూ ప్రెసిడెంట్ జాన్సన్ మీదే నిలబడి 42 శాతం తెచ్చుకున్నాడు. జాన్సన్‌కు వచ్చింది 49. లెక్క ప్రకారం మెకార్తీ ఓడిపోయాడు. కానీ ఆ నెల దాటకుండానే జాన్సన్ నేనిక పోటీ చేయనని టీవీలో ప్రకటించాడు. ఇంత జరిగినా టికెట్ పెద్దల చేతుల మీదుగా హంఫ్రీకి వెళ్లేసరికి కార్యకర్తలు భగ్గుమన్నారు, పార్టీ కమిషన్ వేయాల్సి వచ్చింది, రూల్స్ మారాయి, 1972 నుంచి డెలిగేట్లలో, అంటే మహాసభలో టికెట్ ఎవరికో ఓటేసే ప్రతినిధుల్లో, ఎక్కువమందిని ఓటర్లే తేల్చడం మొదలైంది. ఊరికే ఎవరూ తలుపు తీయలేదు.

ఆ తలుపులోంచి లోపలికి వచ్చిన వాళ్లలో నాకు బాగా ఇష్టమైన మనిషి, తర్వాత ప్రెసిడెంటైన జిమ్మీ కార్టర్. జార్జియాలో ప్లెయిన్స్ అనే చిన్న ఊరు, చెనక్కాయల సాగు. ఒక దఫా గవర్నర్‌గా చేశాడు కానీ దేశంలో ఎవరికీ తెలియదు, "జిమ్మీ ఎవరు?" అనేవాళ్లు. 1975 అంతా, అందరికంటే ముందు ఓటేసే అయోవా రాష్ట్రం తిరిగాడు. హోటల్ ఖర్చు లేకుండా మద్దతుదారుల ఇళ్లలో పడుకునేవాడు. జార్జియా నుంచి మామూలు జనం సొంత డబ్బులతో, దాని తర్వాత ఓటేసే న్యూ హాంప్‌షైర్ చలిలోకి వెళ్లి ఇంటింటికీ తిరిగి మా మనిషి మంచోడు అని చెప్పారు, వాళ్లకు చెనక్కాయల దండు అనే పేరు కూడా వచ్చింది. 1976 జనవరిలో అయోవాలో ఇంకా ఎవరికి అని తేల్చుకోని వాళ్లే 37 శాతం, కార్టర్‌కు దాదాపు 28. అయినా అభ్యర్థులందరిలో ముందున్నది అతనే, మర్నాటికి పేరు దేశమంతా తెలిసింది.

ఇది ఎలా సాధ్యమైందో నాన్నకు చెప్పడానికి మన జిల్లా లెక్కే పనికొచ్చింది. 2011 జనాభా లెక్కల్లో నెల్లూరు జిల్లాలో ముప్పై లక్షలకు కాస్త తక్కువ జనం. అయోవా రాష్ట్రం మొత్తం జనాభా కూడా దాదాపు అంతే. దేశమంతా ఒకేరోజు ఓటేస్తే డబ్బున్నవాడిదే, పేరున్నవాడిదే రాజ్యం. అదే ముందు ఒక నెల్లూరు జిల్లాలో ఓటేస్తారంటే, ఓపికున్న మనిషి ఏడాదిలో మండలం మండలం తిరిగేయగలడు. పైగా అయోవా డెమోక్రాట్లది చాలా ఏళ్లపాటు మన గ్రామసభ లాంటి పద్ధతి, కాకస్ అంటారు. స్కూల్ హాల్లో ఒక్కొక్క అభ్యర్థి మనుషులు ఒక్కో మూల నిలబడతారు, పదిహేను శాతం దాటని గుంపును పక్కవాళ్లు మా వైపు రండి అని పిలుచుకుంటారు. "మనకు బాగా తెలిసిన పనే" అన్నారు నాన్న.

ముందున్నవాడి కష్టం ఇంకో రకం. అతనికి ఉత్త గెలుపు చాలదు, అనుకున్నంతగా గెలవాలి. 1972లో ఎడ్మండ్ మస్కీ న్యూ హాంప్‌షైర్‌లో గెలిచాడు, 46 శాతం, మెక్‌గవర్న్‌కు 37. కానీ పక్కనే ఉన్న మెయిన్ అనే రాష్ట్రం మనిషి, సగం కూడా తెచ్చుకోలేదేంటి అన్నారు. గెలిచినరోజే అతని పని అయిపోయింది. 1984లో గ్యారీ హార్ట్‌కు అయోవాలో వచ్చింది పదహారున్నర శాతం, మాండేల్‌కు 49. అంత దూరంలో ఉన్నా రెండో స్థానం రెండో స్థానమే కదా, ఎనిమిది రోజుల్లో న్యూ హాంప్‌షైర్ హార్ట్ గెలుచుకున్నాడు. ఇక రిపబ్లికన్లలో న్యూయార్క్ మాజీ మేయర్ జూలియానీ 2007 అంతా దేశవ్యాప్త సర్వేల్లో ముందుండి, మొదటి రాష్ట్రాలను వదిలేసి, ఫ్లోరిడాలో చూసుకుందాంలే అని కూర్చున్నాడు. అక్కడ మూడో స్థానం. ఇంకో న్యూయార్క్ మాజీ మేయర్, బాగా డబ్బున్న బ్లూమ్‌బర్గ్ 2020లో డెమోక్రాట్ల టికెట్ కోసం యాభై కోట్ల డాలర్లకు పైగా గుమ్మరిస్తే గెలిచింది అమెరికన్ సమోవా ఒక్కటే.

ఈ పద్ధతిలో లోపాలున్నాయి. అయోవా, న్యూ హాంప్‌షైర్ రెండూ ఎక్కువగా తెల్లవాళ్ల రాష్ట్రాలు, అవి ముందు మాట్లాడితే మిగతావాళ్ల గొంతు ఆలస్యంగా వినపడుతుంది. అందుకే 2024కి డెమోక్రాట్లు సౌత్ కరోలినాను ముందుకు తెచ్చారు. 2016లో పదిహేడుమంది రిపబ్లికన్లు దిగితే ఓట్లు చీలి, సౌత్ కరోలినాలో ట్రంప్ మూడింట ఒక వంతు కన్నా తక్కువ ఓట్లతో యాభైకి యాభై డెలిగేట్లు పట్టుకెళ్లాడు. డబ్బు అయిపోతే అంతే సంగతులు, అందుకు పెద్ద ఉదాహరణ మా చెన్నై వాళ్ల మనవరాలు కమలా హారిస్. బీసెంట్ నగర్‌లో ఉన్న తాతగారి ఇంటికి చిన్నప్పుడు వచ్చేది. ఓక్లాండ్‌లో ఇరవై వేలమంది ముందు ప్రచారం మొదలుపెట్టి, 2019 డిసెంబర్‌లో, ఒక్క ఓటూ పడకముందే నిధులు లేవని తప్పుకుంది. ఆ రోజు నాకు అన్నం సహించలేదు. ఇవన్నీ తెలిసి కూడా, పైనుంచి వచ్చే ఒక ఫోన్ కన్నా ఇది వెయ్యి రెట్లు మేలని నమ్ముతాను, మన పార్టీలకు కూడా ఇలాంటిదేదో ఒకటి కావాలని గట్టిగా కోరుకుంటాను.

ఆ ఆదివారం నాన్నకు అన్నిటికంటే నచ్చింది ఐడహో లెక్క. డెమోక్రాట్ల టికెట్ కోసం హిల్లరీ, ఒబామా పోటీపడ్డప్పుడు, 2008 ఫిబ్రవరి 5న న్యూ జెర్సీలో పదకొండు లక్షలకు పైగా ఓట్లు పడ్డాయి, హిల్లరీ గెలిచింది, డెలిగేట్లు 59-48, అంటే తేడా 11. అదేరోజు ఐడహోలో కాకస్‌లకు వచ్చింది ఇరవై వేల పైచిలుకు జనం. వాళ్లను పట్టించుకుని మనుషుల్ని పెట్టుకున్నది ఒబామా. అక్కడ 15-3, తేడా 12. అంత పెద్ద న్యూ జెర్సీలో పోయింది ఈ చిన్న రాష్ట్రంలో వచ్చేసింది, పైన ఒకటి మిగిలింది. ఇది అర్థం కావడానికి నాకు ఒక సాయంత్రం పట్టింది, నాన్నకు ఒక నిమిషం కూడా పట్టలేదు.

"పెద్ద ఊళ్లో తక్కువ తేడాతో ఓడాల, చిన్న ఊళ్లల్లో మొత్తం కొట్టుకురావాల" అన్నారు. తర్వాత పాల కవరు కింద ఉన్న పాత పేపరు లాగి, అంచున ఖాళీలో మా మండలంలోని ఊళ్ల పేర్లు ఒక్కొక్కటిగా రాయడం మొదలుపెట్టారు. పక్కన ఓట్లు. ఫలానా ఊళ్లో ఆరు వందలు ఖాయం, ఫలానా కాలనీలో ఆ కాంట్రాక్టర్ మొహం కూడా తెలియదు, చెరువు కింద ఊళ్లో సగం సగం. కాఫీ చల్లారిపోయింది. కూడి చూసుకుని, కళ్లద్దాలు తీసి, "గెలిచేవాణ్ణేనమ్మా" అన్నారు.