పూల మార్కెట్లో వెలుగు పైనుంచి రాదు

బెంగళూరు కె.ఆర్. మార్కెట్ పూల అంగళ్లను చాలామంది పై అంతస్తు పిట్టగోడ దగ్గర నిలబడి చూస్తారు. అక్కడినుంచి పసుపు, నారింజ, ఎరుపు రాశులూ వాటి నడుమ కదిలే తలలూ ముగ్గు వేసినట్టు కనిపిస్తాయి కాబట్టి కెమెరాలన్నీ అక్కడికే చేరతాయి. రెండేళ్లపాటు నేనూ అక్కడే కూర్చుని నీటిరంగుల్లో ఆ దృశ్యాన్ని వేశాను. ఇరవైకి పైగా బొమ్మలు పోగయ్యాయి. అన్నీ చూడముచ్చటగానే ఉన్నాయి కానీ ఒక్కదానిలోనూ మార్కెట్ లేదు. పైనుంచి చూసేవాడికి తలలే తప్ప ముఖాలు కనబడవు.

సంక్రాంతికి ముందు ఒక శనివారం ఉదయం 6 గంటలకు కిందికి దిగి, బంతిపూల మూటల పక్కన మడత స్టూలు వేసుకున్నాను. తెల్లవారేకొద్దీ అర్థమైంది, అక్కడ ఆకాశం నుంచి సూటిగా దిగే వెలుగు చాలా తక్కువ. నీలం టార్పాలిన్ పట్ట గుండా వడగట్టినట్టు వచ్చే వెలుగు నుదుటిమీదా భుజాలమీదా చల్లగా, నీలంగా పడుతుంది. ఎదుట పోసిన బంతిపూల రాశిని తాకి తిరిగి పైకి లేచే వెలుగు గడ్డం కిందా ముక్కు కిందా నారింజ ఛాయతో నిలుస్తుంది. అంటే బొమ్మ నేర్చుకునే రోజుల్లో ఎక్కడ నీడ వేయమని చెప్పారో, సరిగ్గా అక్కడే ముఖం వెలిగి ఉంటుంది. ఫోను కెమెరా ఈ రెండు రంగులనూ సరిచేయబోయి రెండింటినీ పలచన చేస్తుంది. అందుకే ఫొటో చూసి ఇంట్లో వేసే పద్ధతి మానుకున్నాను.

దీపాల సంగతి వేరు. శివనసముద్రంలో పుట్టిన విద్యుత్తుతో 1905లోనే వీధిదీపాలు వెలిగిన ఊరిది. కొన్నేళ్ల కిందటి వరకు సోడియం దీపాల పసుపుపచ్చటి వెలుగులో ఎర్ర గులాబీ, ఊదా చామంతి దాదాపు ఒకే మట్టిరంగులో కనిపించేవి. తెల్లటి ఎల్ఈడీలు వచ్చాక పూల రంగు పూలకు తిరిగి వచ్చింది కానీ, ముఖాలు కొంచెం పాలిపోయాయి. నాకు ఆ పాత పచ్చదనమే ఇష్టమని ఒప్పుకోవాలి.

ఇక మనుషులు. గుంపులో ఒక్కొక్కరినీ విడిగా గీసి రంగు నింపితే కత్తిరించి అతికించిన కాగితపు బొమ్మల్లా తేలిపోతారు. ఇప్పుడు నేను పక్కపక్కన ఉన్న ముగ్గురి నీడ వైపును, అల్ట్రామెరైన్ నీలంలో బర్న్‌ట్ సియెన్నా అనే ఎర్రమట్టి రంగు కలిపిన ఒకే పూతగా, చీరకూ గోనెసంచికీ మధ్య హద్దు పెట్టకుండా లాగేస్తాను. నీటిరంగుల్లో తెలుపు అంటే వదిలేసిన కాగితమే కనుక, వెలుగు ఎక్కడ మిగలాలో కుంచె తడపకముందే తేల్చుకోవాలి. ఫ్రెంచి చిత్రకారుడు మోనే 1877లో పారిస్ సెంట్ లజార్ రైల్వే స్టేషన్‌ను డజను చిత్రాలుగా వేసినప్పుడు జనాన్ని నాలుగైదు కుంచె గుర్తులతోనే సరిపెట్టాడు. అక్కడ రైలింజన్ల పొగ చేసిన పనిని ఇక్కడ టార్పాలిన్ చేస్తుంది.

ఆ రోజు నా ఎదురుగా కనకాంబరాలు కడుతున్న పెద్దావిడది మదనపల్లె వైపు. రెండుసార్లు మెడ చాచి చూసి, చివరకు అడిగేసింది.

"ఏం నాయనా, నన్ను ఇంత నల్లంగా చేసినావే?"

వెలుతురు మీ వెనకనుంచి వస్తోందమ్మా, అందుకే ముఖం నీడలో పడిందని చెప్పాను.

"అది సరేలే. నా ముక్కుపుడక యాడ?"

తల ఎత్తి చూశాను. అంత చీకటి ముఖంలో తీవ్రంగా మెరుస్తున్న చుక్క అదొక్కటే. హద్దులు చెరపాలన్న ఉత్సాహంలో దానిమీదుగా నీలం పూత లాగేశాను. 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాములు) మందపాటి నూలు కాగితం, పైగా జనవరి చలి, ఎంతకీ ఆరదు. ఈలోగా గంప మోసుకెళ్తున్న ఒకాయన మోచేయి తగిలి నీళ్ల డబ్బా ఒలికి, కింది మూలనున్న బంతిపూలు మబ్బులా పాకిపోయాయి. వాటిని అలాగే వదిలేశాను. పూర్తిగా ఆరాక, పెన్సిలు చెక్కే బ్లేడు మొనతో ఆవగింజంత మేర పైపొరను గీకితే కాగితం తెలుపు బయటపడింది.

ఆవిడ అట్టను చేతిలోకి తీసుకుని, దూరంగా పెట్టి చూసి, ఏమీ అనకుండా నాకు తిరిగి ఇచ్చింది. ఇంట్లో పూజకని మూర కనకాంబరాలు అడిగాను. ఒక్క రూపాయి తగ్గించలేదు.