ఒక రోజు ఆలస్యంగా ఎక్కిన విషం

మాది ఒంగోలు. ఇళ్లకు రంగులు వేస్తాను. 2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్ వల్ల పనుల్లేవు, మందు షాపులూ మూతే. ఒకరాత్రి మా మేస్త్రీ లేబుల్ లేని క్యానుతో స్పిరిట్ తెచ్చాడు. ముగ్గురం కూల్‌డ్రింకులో కలుపుకుని తాగాం. కిక్కు కూడా పెద్దగా ఎక్కలేదు.

పొద్దున లేచి ఇడ్లీ తిన్నాను. మధ్యాహ్నం నుంచి తలపోటు, కడుపులో మెలిపెట్టే నొప్పి, వాంతులు. హ్యాంగోవరే అనుకుని మజ్జిగ తాగి పడుకున్నా. సాయంత్రానికి మంచం దిగకుండానే ఆయాసం. ఊపిరి లోతుగా, గబగబా వస్తోంది. కరోనా అని మా ఆవిడ హడలిపోయింది. "లైటెయ్యవే" అంటే, "వెలుగుతూనే ఉందిగా బావా" అంది. నాకు మాత్రం గదంతా తెల్లటి పొగమంచే.

ఆస్పత్రిలో ముందు కరోనా అనుమానంతో పక్కన కూర్చోబెట్టారు. చూపు సంగతి చెప్పగానే ఓ కుర్ర డాక్టరు వచ్చి, "ఏం తాగావు? ఎప్పుడు? ఇంకా ఎవరెవరు?" అని అడిగాడు. మణికట్టు దగ్గర సూది లోతుగా గుచ్చి రక్తం తీశారు. ఆ నొప్పి ఇప్పటికీ గుర్తే. రక్తంలో యాసిడ్ బాగా పెరిగిందట.

తర్వాత ఆయనే వివరించాడు. మేం తాగిన స్పిరిట్‌లో ఉన్నది మిథనాల్ అనే విషపు ఆల్కహాల్. దాన్ని లివర్ ముందు ఫార్మాల్డిహైడ్‌గా, ఆపైన ఫార్మిక్ యాసిడ్‌గా మారుస్తుంది. కంటి నరాన్ని తినేసేది ఆ యాసిడే. అది తయారవ్వడానికి టైం పడుతుంది కాబట్టే పొద్దున అంత బాగున్నాను.

రక్తంలో యాసిడ్‌ని తగ్గించడానికి సెలైన్‌లో బైకార్బొనేట్ ఎక్కించారు, ఆ ఫార్మిక్ యాసిడ్‌ని ఒళ్లు త్వరగా వదిలించుకోవడానికి ఫోలినిక్ యాసిడ్ అనే విటమిన్ మందు ఇచ్చారు. ఫోమెపిజోల్ అనే విరుగుడు మందు అక్కడ దొరకలేదు. దాని బదులు ముక్కులో గొట్టం వేసి కొలత ప్రకారం అసలు ఆల్కహాల్, అంటే ఇథనాల్, పంపారు. "తాగి వచ్చినోడికి మళ్లీ మందు పోస్తారేంటి సార్?" అని మా ఆవిడ గొడవపెట్టుకుంది. లివర్ ముందు ఇథనాల్ పని చూసుకుంటుంది, ఈలోపు మిథనాల్ మారకుండా ఆగుతుంది, డయాలసిస్ దాన్ని కడిగేస్తుంది అని నర్సమ్మ ఓపిగ్గా చెప్పింది.

మేస్త్రీని తెచ్చేసరికి స్పృహ లేదు. బతకలేదు. మూడోవాడు ఇంట్లో దాచుకున్న బ్రాందీ కూడా ఆ రాత్రే తాగాడు, అందుకే వాడికేమీ తెలియలేదు. నిక్షేపంలా ఉన్నవాణ్ని ఎందుకు రమ్మన్నారని నన్ను తిడుతూ వచ్చాడు. టెస్టు చేస్తే వాడి రక్తంలోనూ యాసిడ్ మొదలైంది. డయాలసిస్‌తో చూపు పోకుండా బయటపడ్డాడు. బ్రాందీయే కాపాడిందని ఇప్పటికీ ఊరంతా చెప్పుకు తిరుగుతాడు. నాకు ఒళ్లు మండుతుంది. బ్రాందీ కాస్త టైం ఇచ్చిందంతే.

జులై చివర్లో కురిచేడులో శానిటైజర్ తాగి పదిమందికి పైగా పోయారన్న వార్త మా ఆవిడ చదివి వినిపించింది. అక్షరాలు అప్పటికింకా నాకు ఆనేవి కావు.

చూపు కొంత తిరిగొచ్చింది. పక్కలకు బాగానే కనిపిస్తుంది, సూటిగా చూసినచోట మసక. నరమే దెబ్బతింది కాబట్టి కళ్లజోడుతో పనికాదన్నారు. షేడ్ కార్డులో ఐవరీ, క్రీమ్, లేత పిస్తా నాకు ఒకేలా ఉంటాయి. పుట్టీ, ప్రైమర్ నేను కొడతాను. రంగు కలిపేది, ఫైనల్ కోటు వేసేది మా బావమరిది.