లెనిన్ అనే పుంజు

మా అమ్మాయికి పన్నెండేళ్లు. తెలుగు సినిమా పెడితే పది నిమిషాల్లో ఫోన్ తీసేస్తుంది. అలాంటిది, మొన్న నేను జలుబుతో సోఫాలో దుప్పటి కప్పుకుని ‘ద గుడ్ లైఫ్’ చూస్తుంటే వచ్చి పక్కన కూర్చుంది. బీబీసీలో 1975లో మొదలైన పాత కామెడీ. టామ్‌కి నలభై నిండుతాయి. ఉద్యోగం మీద విరక్తి పుట్టి మానేస్తాడు. భార్య బార్బరాతో కలిసి, లండన్ శివారు సర్బిటన్‌లో, ఇంటి చుట్టూ ఉన్న లాన్ తవ్వేసి కూరగాయలు వేస్తాడు. పందులు, కోళ్లు, జెరాల్డీన్ అనే మేక. బఠాణీ తొక్కలతో ఇంట్లోనే వైన్. పక్కింటి మార్గోకి ఇదంతా తలవంపులు.

బార్బరాగా వేసిన ఫెలిసిటీ కెండల్ శశి కపూర్‌కి మరదలవుతుందని గొప్పగా చెప్పాను. శశి కపూర్ ఎవరు అంది.

వాళ్ల పాత ఇనప పొయ్యి చూసి, “సో కోజీ!” అని మురిసిపోయింది. నాకు చిర్రెత్తుకొచ్చింది. పోయిన సెలవుల్లో అమ్మమ్మగారి దొడ్లో ముక్కు మూసుకుని నిలబడింది ఈ పిల్లే. అక్కడా కట్టెల పొయ్యే, అక్కడా కోళ్లే. మా అమ్మ నీళ్లు కాచిన డేగిసా బూడిదేసి, కొబ్బరి పీచుతో మసి వదిలేదాకా తోముతుంది. గోళ్ల సందుల్లో ఆ నలుపు రెండు రోజులైనా పోదు. టామ్ కావాలని వదులుకున్నాడు. మా అమ్మకి వదులుకోవడానికి ఏముంది గనక?

ఆ మాటే అనేశాను. కొంచెం గట్టిగానే. అది ఏమీ మాట్లాడలేదు.

ఆదివారం అమ్మకి వీడియో కాల్ చేస్తే వెనక నుంచి పుంజు కూసింది. మా అమ్మాయి ఫోన్ లాక్కుని, వచ్చీరాని తెలుగులో అడిగింది.

“అమ్మమ్మా, దాని పేరు ఏంటి?”

“పుంజుకి పేరేంటే? సంక్రాంతికి కూరైపోతుంది.”

దీని మొహం మాడిపోయింది. కాసేపాగి, “లెనిన్ అని పెట్టు. టీవీలో వాళ్ల పుంజు పేరు అదే” అంది.

అమ్మ గబుక్కున వీధి వైపు చూసింది.

“మెల్లగా అనవే తల్లీ. ఎదురింటి లెనిన్ మామయ్య అరుగు మీదే ఉన్నాడు.”