759 యూరోల 80 సెంట్లు

జర్మనీలో నాకు వచ్చిన ఒకే ఒక్క ఆఫర్ ఏడాదికి 43,000 యూరోలు. మెయిల్ వచ్చిన సాయంత్రం ఓ గంటసేపు గాల్లో తేలాను. తర్వాత బ్లూ కార్డు (డిగ్రీ ఉన్న విదేశీ ఉద్యోగులకిచ్చే నివాస అనుమతి) రూల్స్ తెరిచి చూశాను. ఇంజనీర్ల లాంటి, మనుషులు దొరకని ఉద్యోగాలకు 2025లో కనీస జీతం 43,759 యూరోల 80 సెంట్లు ఉండాలట. ఆ 80 సెంట్లు ఎవరు లెక్కకట్టారో గానీ, ఆ రాత్రి నాకు నిద్ర లేదు.

మొదటి నుంచి చెబుతాను. నేను సబ్‌స్టేషన్లలో రిలేలు, అంటే లోపం వస్తే కరెంటు ఆపించే పరికరాలు, టెస్ట్ చేసే ఇంజనీరుని. ఎనిమిదేళ్ల అనుభవం. 2024 జూన్‌లో జర్మనీవాళ్లు ఆపర్చునిటీ కార్డు మొదలుపెట్టారు. చేతిలో ఉద్యోగం లేకపోయినా వెళ్లి, ఏడాదిపాటు అక్కడే ఉండి వెతుక్కోవచ్చు. వయసుకు ఇన్ని, అనుభవానికి ఇన్ని, భాషకు ఇన్ని అని రెండు రాత్రులు కూర్చుని పాయింట్లు లెక్కేశాను. ఆరు రావాలి. మూడో రోజు తెలిసింది, అనాబిన్ అనే వాళ్ల డేటాబేస్‌లో మన యూనివర్సిటీకీ డిగ్రీకీ పూర్తి గుర్తింపు ఉంటే అసలు పాయింట్లతో పనే లేదని. నావాటికి ఉంది. ఈ చిన్న సంగతి ముందు చూసుకోండి, నాలాగా కాలిక్యులేటర్ పట్టుకుని కూర్చోకండి.

నెలకు 1,027 చొప్పున 12,324 యూరోలు బ్లాక్డ్ అకౌంట్‌లో (నెలనెలా కొంతే తీసుకోనిచ్చే ఖాతా) వేసి, అక్టోబరులో దిగాను.

మొదటి గది ఓనరు అడ్రస్ రిజిస్ట్రేషన్ కాగితం మీద సంతకం పెట్టనన్నాడు. రెండు వారాల్లోపు రిజిస్టర్ చేయించుకోవాలి. అది లేకపోతే ట్యాక్స్ నంబరు రాదు. ట్యాక్స్ నంబరు లేకపోతే చిన్న పనికి వెళ్లినా జీతంలోంచి అన్నిటికన్నా ఎక్కువ పన్ను కోస్తారు. గది మారాను. దాని గురించి ఇంతకుమించి చెప్పడానికేం లేదు.

అప్లికేషన్ల కథ వేరు. మొదటి మూడు నెలలూ ఇంగ్లిష్ రెజ్యుమే పంపాను. వచ్చిన జవాబులన్నిటిలో ఒకే మాట, 'లైడర్'. అంటే 'దురదృష్టవశాత్తూ' అని. చివరికి మెయిల్ చదవడమే మానేశాను. తెరవగానే ఆ మాట ఉందా లేదా అని వెతికేవాణ్ణి, ఉంటే మూసేసేవాణ్ణి. ఒక హెచ్ఆర్ ఆవిడ ఫోన్‌లో నిజం చెప్పింది: "మీ కార్డు ఏంటో మాకు అర్థం కాలేదు, అందుకే పక్కన పెట్టాం." కార్డు అప్పటికి కొత్త, ఆవిడ తప్పేం లేదు. ఆ రోజే రెజ్యుమే జర్మన్‌లోకి మార్చి, పేరు కింద ఒక వాక్యం పెట్టాను: ఫలానా తేదీ వరకు ఇక్కడ ఉండే హక్కు ఉంది, వారానికి 20 గంటలు ఇప్పుడే పనిచేయొచ్చు, రెండు వారాల దాకా ట్రయల్‌కి రావచ్చు. ఇంటర్వ్యూలు మొదలైంది దాని తర్వాతే.

ఇంకో తలనొప్పి, పాత ఉద్యోగాల సర్టిఫికెట్లు. మన రిలీవింగ్ లెటర్‌లో ఎప్పుడు చేరాడు, ఎప్పుడు మానేశాడు, అంతే ఉంటుంది. ఇక్కడ ఏం పని చేశాడు, ఎలా చేశాడు అని పేజీ నిండా రాయాలి. దాంట్లో ఓ రహస్య భాష కూడా ఉంది. 'మాకు ఎల్లప్పుడూ పూర్తి సంతృప్తి కలిగేలా' అని రాస్తే మంచి మార్కు. అందులో 'ఎల్లప్పుడూ' ఎగిరిపోతే మార్కు తగ్గినట్టే. పాత మేనేజరుకి ఈ సంగతి చెబితే, "నువ్వే రాసి పంపరా, సంతకం పెడతా" అన్నారు. రాశాను. ఎల్లప్పుడూ అని మాత్రం మర్చిపోలేదు.

జూన్‌లో ఒక చిన్న కంపెనీ మూడు రోజుల ట్రయల్‌కి పిలిచింది. నా జర్మన్ అప్పటికి బీ1, అంటే మధ్యస్థాయి, దగ్గర తడబడుతోంది. సీనియర్ ఇంజనీరు, అరవైకి దగ్గర్లో ఉంటాడు, ప్యానెల్ ముందు నిలబెట్టి టెస్ట్ చేయమన్నాడు. వైరు విప్పే ముందు నేను సీటీ (కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్) సెకండరీ చుట్టను షార్ట్ చేశానా లేదా అని మళ్లీ చూసుకున్నాను. లోడు మీదున్న సీటీ సెకండరీని తెరిస్తే వోల్టేజీ ప్రాణం తీసేంత లేస్తుంది. ఎనిమిదేళ్లుగా చేతికి అలవాటైన పని. ఆయన ఏమీ అనలేదు. మూడో రోజు సాయంత్రం మాత్రం 'మీరు' మానేసి 'నువ్వు' అన్నాడు. ఇక్కడ అది పెద్దవాళ్లే ముందు అనాలి. నాకు ఉద్యోగం వచ్చింది అప్పుడే అనుకుంటాను, మెయిల్ తర్వాత వచ్చింది.

ఆ మెయిల్‌లోనే 43,000.

బ్లూ కార్డు కాకుండా మామూలు వర్క్ పర్మిట్ దారి కూడా ఉంది, దానికి ఈ జీతం గీత వర్తించదు. కానీ దాని మీద శాశ్వత నివాసానికి మూడేళ్లు ఆగాలి. బ్లూ కార్డుతో 27 నెలలు, బీ1 ఉంటే 21. అటూ ఇటుగా ఏడాది తేడా. ఏడాది కోసం అడగాలనిపించింది, అడగడానికి నోరు రాలేదు. ఇన్ని తిరస్కారాల తర్వాత ఒకళ్లు రమ్మంటే, ఇంకో 760 ఇవ్వండి అనడం ఎలా? మెయిల్ తొమ్మిదిసార్లు రాసి తొమ్మిదిసార్లూ చెరిపేశాను. ఆఖరికి ఫోన్ చేసి, సర్కారు పేజీలో ఆ అంకె ఎక్కడుందో చూపించాను. అవతల హెచ్ఆర్ ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఇంతేనా? 44,000 రాసేద్దాం, చూడ్డానికి కూడా బాగుంటుంది" అంది.

ఆగస్టులో అప్లికేషన్ పెట్టాం. మనుషులు దొరకని ఉద్యోగాలకుండే ఈ తక్కువ జీతం గీత మీద బ్లూ కార్డు అడిగినప్పుడు ఉపాధి శాఖ కూడా ఒప్పుకోవాలి. జీతం, పనిగంటలు ఇక్కడివాళ్లతో సమానంగా ఉన్నాయా అని చూస్తారు. సెప్టెంబరు నుంచి అదే కంపెనీలో 20 గంటల లెక్కన చేరిపోయాను. రోజూ పన్నెండు కాగానే అందరూ క్యాంటీన్‌కి, నేను ఇంటికి. కాంట్రాక్టు మీద సంతకం ఎండిపోయింది, కుర్చీ ఖాళీగా ఉంది, కూర్చుంటే మాత్రం నేరం.

అక్టోబరులో పాత కార్డు గడువు అయిపోయింది. గడువులోపు అప్లై చేశాం కాబట్టి ఒక మడత కాగితం ఇచ్చారు. దాని పేరులోనే 'ఫిక్షన్' ఉంది! నిర్ణయం వచ్చేదాకా పాత హక్కు ఇంకా బతికే ఉన్నట్టు అనుకుందాం అని దాని భావం. పాత హక్కంటే పాత షరతులు కూడా, అంటే అదే 20 గంటలు. మా ఆఫీసులో ఒకాయన దాన్ని చూసి, ఇంకేం, ఫుల్ టైమ్ చెయ్ అన్నాడు. ఆ తప్పు చేయకండి. కాగితం వెనక వైపు ఏ గడిలో టిక్ ఉందో, షరతులేం రాశారో చదవండి.

నవంబరు చివర్లో పిన్ నంబరు ఉన్న కవరు పోస్టులో వచ్చింది. అది వచ్చిందంటే కార్డు అచ్చయిందన్నమాట. అపాయింట్‌మెంట్ రోజు కౌంటర్ దగ్గర కార్డు ఇచ్చి, మడత కాగితం వెనక్కి అడిగారు. గుర్తుగా దాచుకోవచ్చా అన్నాను. కౌంటర్ అమ్మాయి నవ్వి, కుదరదంది, ట్రేలో వేసుకుని తర్వాతి నంబరు నొక్కింది.