కియా కొత్త కంపెనీ ఏం కాదు
మొన్న హైవే మీద పెనుకొండ దాటుతుంటే, కియా ఫ్యాక్టరీ బయట వరసగా ఆగిన కార్ల ట్రైలర్లు చూసి మావయ్య "నిన్నగాక మొన్న పుట్టిన కంపెనీరా ఇది" అన్నాడు. మనకి వాళ్ల సెల్టోస్ కారు వచ్చింది 2019లో కాబట్టి చాలామంది అలాగే అనుకుంటారు గానీ, 1944లో స్టీల్ ట్యూబులు, సైకిల్ పార్టులు చేస్తూ మొదలైన కొరియా కంపెనీ అది, కొరియా యుద్ధం నడుస్తుండగానే 1952లో ఆ దేశపు మొదటి సైకిల్ కూడా తయారుచేశారు. 1997లో దివాలా, మరుసటి ఏడాదే హ్యుందాయ్ కొనేసింది. అమెరికాలో చాలాకాలం చవకబారు కార్లనే పేరు! 2006లో ఆడీలో పనిచేసిన డిజైనర్ పీటర్ ష్రేయర్‌ని తెచ్చుకున్నాక కారు ముందు వైపు ఆ పులి ముక్కులాంటి గ్రిల్ వచ్చింది, జనం తిరిగి చూడటం మొదలైంది. ఇంజిన్ సంగతి సరే, సగం పేరు ఆ ముక్కే తెచ్చిందని నా అనుమానం.